మెయిల్‌లో "స్టే ట్యూన్" అని రాశాను, ఆమెకు కోపం వచ్చింది. తప్పెక్కడ?

తిరుచానూరు రోడ్డు · ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జీలో రిసెప్షన్‌లో పని చేస్తున్నాను. రూములు బుక్ చేసుకునేవాళ్ళ మెయిల్స్‌కు జవాబులు రాసేది నేనే. బ్రహ్మోత్సవాలకని టొరంటో నుంచి ఒక కుటుంబం రెండు రూములు తీసుకున్నారు. ఇంట్లో పెద్దాయనకు ఒంట్లో బాగాలేక రద్దు చేసుకున్నారు. అడ్వాన్సు వెనక్కి పంపడంలో ఆలస్యమైంది. వాళ్ళమ్మాయి మూడోసారి అడిగినప్పుడు నేను ఇట్ల రాశాను: "యువర్ రీఫండ్ ఈజ్ ఇన్ ప్రాసెస్. ప్లీజ్ స్టే ట్యూన్."

ఇది టీవీ ప్రోగ్రాం కాదు, మా డబ్బు ఏ రోజు వస్తుందో చెప్పండి అని ఆమె జవాబు రాసింది.

మా ఓనరు ఏమీ అనలేదు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్యాదగానే రాశాననుకున్నాను. ప్లీజ్ కూడా పెట్టాను. టీవీలో, యూట్యూబ్‌లో రోజూ వినే మాటే కదా. తప్పు గ్రామర్‌లో ఉందా, మాటలోనే ఉందా? తెలుగు మీడియంలో చదివాను. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

ఎస్వీయూ హాస్టల్ · రాత్రి 9.52

అక్కా, అది "స్టే ట్యూన్డ్". చివర "డ్" పోయింది. అంతే అనుకుంటా.

తిరుచానూరు రోడ్డు · రాత్రి 9.55

థాంక్స్ తమ్ముడూ. ఆ "డ్" ఎందుకు రావాలో కూడా తెలిస్తే ఇంకోసారి మర్చిపోను.

కట్టమంచి అయ్యోరు · రాత్రి 10.20

అమ్మా, ముప్పయ్యేళ్ళు చిత్తూరులో, చుట్టుపక్కల హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పాను. ఈ తప్పు మీ ఒక్కరిదే కాదు. చదువుకున్నవాళ్ళ పోస్టర్ల మీద కూడా చూశాను. దానికి కారణం చెవి. "స్టే ట్యూన్డ్ ఫర్" అని వాళ్ళు వేగంగా అన్నప్పుడు మధ్యలో ఆ "డ్" దాదాపు వినపడదు. మనం విన్నట్టు రాస్తాం.

"స్టే" తర్వాత ఒక స్థితిని చెప్పే మాట రావాలి. స్టే కామ్, స్టే సేఫ్, స్టే అవేక్. బస్సులోనో విమానంలోనో "స్టే సీటెడ్" అంటారు, "స్టే సీట్" అనరు. "ట్యూన్" అంటే స్టేషన్‌ను పట్టుకునే పని. "ట్యూన్డ్" అంటే ఆ పని అయిపోయి, స్టేషన్ దొరికి, అక్కడే నిలిచి ఉన్న స్థితి. తెలుగులో చూడండి, "తలుపు తెరువు" వేరు, "తలుపు తెరిచి ఉంచు" వేరు. "స్టే ట్యూన్డ్" రెండో రకం.

దీని వెంట వచ్చే చిన్న మాటలు రెండున్నాయి. రాబోయే విషయాన్ని చెప్పాలంటే "ఫర్": స్టే ట్యూన్డ్ ఫర్ ద వెదర్. ఏ చానల్ దగ్గర ఉండాలో చెప్పాలంటే "టు": స్టే ట్యూన్డ్ టు దిస్ చానల్. మన పిల్లలు ఈ రెండింటినీ తారుమారు చేస్తారు. "ఎందుకోసం" అని అడిగి జవాబు వస్తే ఫర్, "ఎక్కడ" అని అడిగి జవాబు వస్తే టు అని క్లాసులో చెప్పేవాణ్ణి.

అయితే మీరు "డ్" పెట్టి రాసినా ఆమె కోపం తగ్గేది కాదని నా అనుమానం. అది గ్రామర్‌కు అవతలి సంగతి. రేపు రాస్తాను.

డయల్ తాడు · రాత్రి 11.05

గాంధీరోడ్డు పక్క సందులో నలభై ఏళ్ళు రేడియోలు, టీవీలు బాగుచేశాను. ఈ మాట టీవీలో పుట్టలేదు, రేడియో నుంచి వచ్చింది. ఆ రోజుల్లో అది ఉత్త మాట కాదు, చేత్తో చేసే పని.

పాత సెట్టులో గ్యాంగ్ కండెన్సర్ అని ఉంటుంది. కొన్ని రేకులు కదలవు, కొన్ని రేకులు వాటి సందుల్లోకి పోతాయి, వస్తాయి. మీరు నాబ్ తిప్పితే డయల్ తాడు ఆ రేకుల్ని తిప్పుతుంది, ముల్లునూ జరుపుతుంది. రేకులు ఎంత లోపలికి పోయాయన్నదాన్ని బట్టి సెట్టు ఏ ఫ్రీక్వెన్సీకి పలుకుతుందో తేలుతుంది. మీడియం వేవ్‌లో హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్, మద్రాసు 720. మధ్యలో ఉన్నది 18. డయల్ మీద అది వెంట్రుకవాసి. మనకు మద్రాసు దగ్గర, హైదరాబాద్ దూరం. రాత్రి పూట హైదరాబాద్ వింటూ నాబ్‌కు చెయ్యి తగిలిందంటే తమిళంలోకి పోతాం. కడప 900లో ఉంటుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు.

పైగా వాల్వు సెట్టు వేడెక్కేకొద్దీ స్టేషన్ కొంచెం కొంచెం జారిపోయేది. వినేవాడు మధ్యమధ్యలో సరిచేసుకుంటూ ఉండాలి. "స్టే ట్యూన్డ్" అనడంలో ఇదంతా ఉంది: వదిలిపెట్టి పోవద్దు, ముల్లు కదిలించొద్దు, నేను మళ్ళీ వస్తాను అని. "డోంట్ టచ్ దట్ డయల్" అని అమెరికా రేడియోవాళ్ళు అన్నదీ ఇందుకే.

ఎస్వీయూ హాస్టల్ · రాత్రి 11.18

ఇది బాగుంది సార్. కానీ ఇప్పుడు యూట్యూబ్‌లో ట్యూన్ చేసేది ఏముంది? వీడియో అక్కడే ఉంటుంది, ఎప్పుడైనా చూడొచ్చు. అయినా ప్రతి చానల్‌వాళ్ళూ చివర్లో ఈ మాటే అంటారు.

డయల్ తాడు · రాత్రి 11.31

మీ సెట్‌టాప్ బాక్సులో ట్యూనర్ ఉంది నాయనా. మీ ఫోన్‌లోని వైఫై చిప్ కూడా ఒక ఫ్రీక్వెన్సీని పట్టుకునే పని చేస్తుంది. చెయ్యి పెట్టి తిప్పే నాబ్ పోయింది, అంతే. పని పోయినా మాట ఉండిపోవడం మనకూ ఉంది. ఫోన్‌లో నంబర్ "తిప్పు" అని మా వయసువాళ్ళం ఇప్పటికీ అంటాం, తిప్పే చక్రం పోయి ఎన్నేళ్ళయిందో.

కట్టమంచి అయ్యోరు · సోమవారం, ఉదయం 6.10

మెకానిక్ గారు చెప్పినదానికి ఒక వెనకటి మెట్టు కలుపుతాను. రేడియోకు ముందు ఈ మాట సంగీతానిది. "ట్యూన్" అన్నది "టోన్" అనే మాటకు ఇంకో రూపం. దాని మూలం గ్రీకు "టోనోస్", అంటే బిగించి లాగడం, తీగను బిగించడం. వీణ బిరడలు తిప్పి శ్రుతి చేసే పనే. 1897లో ఆలివర్ లాడ్జ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త, పంపే యంత్రాన్నీ అందుకునే యంత్రాన్నీ ఒకే ఫ్రీక్వెన్సీకి కలిపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని ఆయన "సింటోనీ" అన్నాడు. రెండు తీగలు ఒకే శ్రుతిలో ఉంటే ఒకటి మీటితే రెండోది కదులుతుంది కదా, అదే ఊహ.

అందుకే మామూలు ఇంగ్లీషులో ఈ మాటకు రెండు దారులున్నాయి. "షి ఈజ్ ట్యూన్డ్ ఇన్ టు హర్ స్టూడెంట్స్" అంటే పిల్లల మనసు పట్టుకోగల మనిషి అని. "ఐ ట్యూన్డ్ హిమ్ అవుట్" అంటే ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, నేను చెవిన పెట్టడం మానేశాను అని. రెండో మాట మన పిల్లలకు తెలియదు. తెలుసుకోదగింది.

పలమనేరు పిల్లోడు · ఉదయం 7.45

అమెరికాలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడ ఆఫీసుల్లో ఈ మాట ఎప్పుడంటారో చెప్తాను. కొత్త ఫీచర్ వచ్చే నెల వస్తుందంటే, టీమ్ మెయిల్ చివర "స్టే ట్యూన్డ్". ఎవరికో పెళ్ళి కుదిరినట్టుంది, ఇంకా పేరు చెప్పట్లేదు, "స్టే ట్యూన్డ్". రాబోయేది బాగుంటుందనీ, మీరు ఆసక్తిగా ఎదురుచూస్తారనీ చెప్పేవాడికి నమ్మకం ఉన్నచోట అంటారు. కొంచెం ఉత్సాహం, కొంచెం ఊరించడం ఉంటుంది అందులో.

డబ్బు రావాల్సిన మనిషికి, ఆస్పత్రి రిపోర్టు కోసం చూసే మనిషికి, ఉద్యోగం ఉందో పోయిందో తెలియని మనిషికి ఇది ఎవరూ రాయరు. రాస్తే వాళ్ళ బాధను నువ్వు ప్రోగ్రాం చేశావన్నట్టు ఉంటుంది. టొరంటో అమ్మాయికి తగిలింది అదే. ఇంట్లో పెద్దాయనకు బాగాలేదని మీరే రాశారు కదా అక్కా. ఆమె ఆస్పత్రి నుంచి ఆ మెయిల్ చదివి ఉండొచ్చు.

తిరుచానూరు రోడ్డు · ఉదయం 8.05

ఇది చదివి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు ఆ ఆలోచనే రాలేదు. నా మనసులో ఉన్నది "కాస్త ఓపిక పట్టండి" అనే. దానికి స్టైలుగా ఉండే ఇంగ్లీషు మాట ఇదే అనుకున్నాను.

నగరి మగ్గం · ఉదయం 10.15

నేను ఇంగ్లీషు చదివినవాణ్ణి కాదు, కానీ ఈ చర్చలో ఒకటి చెప్పాలనిపించింది. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది, హైదరాబాద్ 1977లో. మా నగరికి మద్రాసు దగ్గర కాబట్టి మా వీధిలో మొదటి టీవీ వచ్చినప్పుడు అందరం మద్రాసే చూసేవాళ్ళం. శుక్రవారం సినిమా పాటలంటే మగ్గాలు ఆగిపోయేవి. మిద్దె మీద పొడుగు గొట్టానికి యాంటెనా. గాలి వచ్చినా, కాకి వాలినా బొమ్మ పోయేది. మా చిన్నాన్న పైకెక్కి గొట్టం తిప్పేవాడు. నేను కిటికీ దగ్గర నిలబడి అరిచేవాణ్ణి. "రాలేదు... వస్తాంది... పోయె... ఆ, వచ్చింది! అట్లే ఉంచు!" ఆ "అట్లే ఉంచు" అన్నదే మీరంతా చెప్తున్న ఇంగ్లీషు మాట కదా?

ఇంకొకటి. ప్రసారం మధ్యలో బొమ్మ పోతే దూరదర్శన్‌వాళ్ళు ఒక అట్ట చూపించేవాళ్ళు. "అంతరాయానికి చింతిస్తున్నాం" అని. హిందీలో "రుకావట్ కే లియే ఖేద్ హై". ప్రకటనల కోసం వాళ్ళే ఆపితే అది విరామం, అప్పుడు "మళ్ళీ కలుద్దాం, చూస్తూనే ఉండండి" అనొచ్చు. వాళ్ళ తప్పుతో ఆగిపోతే అది అంతరాయం, అప్పుడు చింతించాల్సిందే. ఆ అమ్మాయి డబ్బు ఆగిపోవడం విరామం కాదు, అంతరాయం. నాకు అర్థమైంది ఇది.

కట్టమంచి అయ్యోరు · ఉదయం 10.40

నగరి అన్నా, నేను రాత్రి నుంచి ఎట్ల చెప్పాలా అని వెతుకుతున్న మాట మీరు చెప్పేశారు. విరామానికి స్టే ట్యూన్డ్. అంతరాయానికి వి ఆర్ సారీ. మళ్ళీ క్లాసు చెప్పే అవకాశం వస్తే ఇదే చెప్తాను.

పలమనేరు పిల్లోడు · ఉదయం 10.58

అక్కకు కావాల్సిన మాట ఇంకొకటుంది: "ఐ విల్ కీప్ యూ పోస్టెడ్". పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ భారం ఎవరి మీద ఉందో చూడండి. "స్టే ట్యూన్డ్"లో కనిపెట్టుకుని ఉండాల్సింది వినేవాళ్ళు. "కీప్ యూ పోస్టెడ్"లో కబురు పంపాల్సింది నేను. ఆలస్యం మన వైపు నుంచి అయినప్పుడు కాచుకుని ఉండే పని కూడా వాళ్ళ మీదే పెట్టడం బాగుండదు.

కట్టమంచి అయ్యోరు · ఉదయం 11.10

ఆ "పోస్టెడ్" లెక్కల పుస్తకం నుంచి వచ్చింది. ఖాతాల్లో పద్దులు ఎప్పటికప్పుడు ఎక్కించడాన్ని "పోస్టింగ్" అంటారు. మీ లాడ్జీ రిజిస్టరులో ఏ రోజు పద్దు ఆ రోజు ఎక్కించినట్టు, సమాచారం ఏ రోజుది ఆ రోజు ఆమెకు ఎక్కాలి.

ఎస్వీయూ హాస్టల్ · మధ్యాహ్నం 1.25

నాకొక సందేహం. మా ప్రొఫెసర్ ఒకరు వాట్సాప్ గ్రూపులో "రిజల్ట్స్ విల్ బి అనౌన్స్‌డ్, స్టే ట్యూన్డ్" అని పెట్టారు. మేమంతా టెన్షన్‌లో ఉన్నాం, కానీ ఎవరికీ కోపం రాలేదు. అంటే పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు రాయొచ్చా?

పలమనేరు పిల్లోడు · మధ్యాహ్నం 1.50

అది పెద్ద, చిన్న సంగతి కాదు తమ్ముడూ. ప్రకటన ఒకేసారి అందరికీ వస్తుంది, మీరంతా ప్రేక్షకుల్లాగా ఒకవైపు ఉన్నారు. అది ప్రసారమే. టొరంటో అమ్మాయి గుంపులో మనిషి కాదు, ఒక్కతే అడిగింది, తన డబ్బు గురించి అడిగింది. ఒక మనిషి ఉత్తరం రాస్తే ఒక మనిషి జవాబు రాయాలి. మా మేనేజరుకు నేను "స్టే ట్యూన్డ్" అని రాయను. ఆయన నన్ను అడిగింది జవాబు.

ధర్మరాజుల గుడి వీధి · సాయంత్రం 6.30

పొద్దుటి నుంచి చదువుతున్నాను. మన జిల్లాలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ దగ్గర ఏటా భారతం జరుగుతుంది కదా, పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. మా ఊళ్ళో చిన్నప్పుడు హరికథ చెప్పే ఆయన ఒక్కోరోజు కథను ఎక్కడ ఆపాలో అక్కడ ఆపేవాడు. పాచికలు చేతిలోకి తీసుకున్నారు, ధర్మరాజు ఏం పందెం కాశాడో రేపు చూద్దాం అని మంగళం పాడేవాడు. ఆ రాత్రి మా అవ్వ నిద్రపోయేది కాదు. కథ ఆమెకు కంఠస్థం. అయినా రేపటి కోసం చూసేది. అర్జునుడు తపస్సు మాను ఎక్కేది ఏ రోజో, దుర్యోధన వధ ఏ రోజో ఊరందరికీ ముందే తెలుసు. ఆ రోజుకు జనం వచ్చి నిలబడేవాళ్ళు.

వారపత్రికల్లో సీరియల్ చివర "సశేషం" అని వేస్తారు. అదీ ఈ జాతి మాటే. ఇంకా ఉంది అని. కానీ "సశేషం" ఎవరినీ ఉండమని చెప్పదు, మిగిలిందని మాత్రం చెప్తుంది. వచ్చేవారం కొనుక్కుంటారో లేదో చదివేవాళ్ళ ఇష్టం. నాకు ఆ మాట ఇంగ్లీషు మాట కన్నా గౌరవంగా అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం.

డయల్ తాడు · సాయంత్రం 7.02

హరికథ ఆయన "రేపు" అన్నాడు చూడండి, అది ముఖ్యం. రేడియోలోనూ అంతే. వార్తలు ఏ గంటకో ఆ గంటకే వచ్చేవి. టైముకు రాకపోతే సెట్టు పాడైందేమోనని నా షాపుకు తెచ్చేవాళ్ళు, స్టేషన్‌ను అనుమానించేవాళ్ళు కాదు. అంత నమ్మకం ఉండేది. అమ్మా, మీరు ఆ మెయిల్‌లో టైము వెయ్యలేదు.

ఎస్వీయూ హాస్టల్ · సాయంత్రం 7.20

ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి కదా. "ఫైనల్ ఆన్సర్?" అని మా రూమ్మేట్ టిఫిన్ ఆర్డర్ చేసేటప్పుడు కూడా అడుగుతాడు.

పలమనేరు పిల్లోడు · రాత్రి 8.15

అది బ్రిటన్‌లో 1998లో మొదలైన క్విజ్ షో నుంచి వచ్చింది. మన దేశంలో 2000లో కౌన్ బనేగా కరోడ్‌పతిగా వచ్చింది, అక్కడ "లాక్ కియా జాయే" అయింది. మనవాళ్ళు "లాక్ చేసెయ్" అని పెళ్ళిచూపుల్లో కూడా అనడం విన్నాను. ఇంగ్లీషులో "ఈజ్ దట్ యువర్ ఫైనల్ ఆన్సర్?" అంటే ఇంకోసారి ఆలోచించుకో అనే సూచన కూడా ఉంటుంది, జాగ్రత్తగా వాడాలి. ఇక్కడ ఆఫీసులో ఎక్కువగా వినపడేది "నాట్ రెడీ ఫర్ ప్రైమ్ టైమ్". సాయంత్రం ఎక్కువమంది చూసే వేళ ప్రైమ్ టైమ్ కాబట్టి, నలుగురి ముందు పెట్టడానికి ఇంకా తయారు కాలేదు అని అర్థం. ప్రోగ్రామ్ రాసి నేనే నా పని గురించి ఇట్ల చెప్తాను. అవతలివాళ్ళ పని గురించి అంటే నొచ్చుకుంటారు.

తిరుచానూరు రోడ్డు · మంగళవారం, రాత్రి 9.15

అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు మా ఓనరును అడిగి కొత్త మెయిల్ పంపాను. ముందు పెద్దాయన ఆరోగ్యం అడిగాను. తర్వాత ఇట్ల రాశాను: "వి ఆర్ సారీ ఫర్ ద డిలే. ఐ విల్ రైట్ టు యూ బై 7.30 ఏఎం, టొరంటో టైమ్, ఆన్ థర్స్‌డే, ఈవెన్ ఇఫ్ ద మనీ హాజ్ నాట్ రీచ్డ్ యూ." మనకు సాయంత్రం 5 అయితే వాళ్ళకు ఇప్పుడు ఉదయం 7.30. నా డ్యూటీలోనే వస్తుంది, మర్చిపోను.

కట్టమంచి అయ్యోరు · రాత్రి 9.30

ఒక్క తప్పు లేదమ్మా. ఆ "ఈవెన్ ఇఫ్" మాట ఎవరూ చెప్పకుండా మీరే రాసుకున్నారు.

తిరుచానూరు రోడ్డు · శుక్రవారం, ఉదయం 11.40

నిన్న 5 గంటలకు డబ్బు ఇంకా చేరలేదు. చేరలేదనే రాశాను, ఎక్కడ ఆగిందో కనుక్కుని ఆ సంగతి రాశాను. రాత్రికి ఆమె జవాబు వచ్చింది: "థాంక్ యూ ఫర్ కీపింగ్ మి పోస్టెడ్." నాన్నగారు ఇంటికి వచ్చేశారట. ఈ ఉదయం డబ్బు కూడా అందిందని చెప్పింది.

ఇంకొకటి అడగాలి. మా లాడ్జీలో పై అంతస్తులో కొత్త రూములు కడుతున్నారు. వైకుంఠ ఏకాదశికి తెరుస్తారు. మా పేజీలో ఫొటో పెట్టి "స్టే ట్యూన్డ్ ఫర్ అవర్ న్యూ రూమ్స్" అని రాయమన్నారు ఓనరు. ఇక్కడ రాయొచ్చా?

కట్టమంచి అయ్యోరు · ఉదయం 11.52

నిక్షేపంగా రాయండి. "డ్" ఉంది, "ఫర్" ఉంది. మంచి కబురు, అందరికీ ఒకేసారి చెప్పేది.

డయల్ తాడు · మధ్యాహ్నం 12.10

తెరిచే తేదీ కూడా వెయ్యమ్మా.

తిరుచానూరు రోడ్డు · మధ్యాహ్నం 12.14

మేస్త్రీని అడిగి వేస్తానన్నా. సున్నం పని ఇంకా మిగిలి ఉంది.